డప్పువాద్యము – సంఘజీవనము

దేశచరిత్రమును వ్రాయువారు శాసనములను చదువుదురు; నాణెములను పరీక్షింతురు; కావ్యములలోని వర్ణనలను ఏరి కూర్తురు. ఊరి నడుమ మ్రోగిన డప్పును సాక్షిగా పిలిచినవారు మాత్రము అరుదు. 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను ప్రకటించిన సురవరము ప్రతాపరెడ్డిగారు రాజుల యుద్ధములకంటె జనుల తిండి, బట్ట, ఆట, పాట, ఆచారములే చరిత్రకు ముఖ్యములని నిరూపించిరి. ఆ త్రోవనే కొంతదూరము నడచి, మేమీ వ్యాసమున ఒక్క వాద్యమును గూర్చి విచారింపదలచితిమి. పదిమంది కలసి నిలిచి, కలసి నడచి, కలసి వాయించు వాద్యమది.

పదిమంది గూడి వాయించుటవలన ఐకమత్యమును, ఉత్సాహమును, ధైర్యమును కలుగునని చెప్పనివారు లేరు. ఆ మాట నిజము. అయినను మన గ్రామముల చరిత్రను చూచినచో వేరొక ప్రశ్న అడుగక తప్పదు. ఆ మేలు ఎవరికి చేరినది? వాయించినవారికా, వాయింపించుకొన్నవారికా? ఊరంతయు డప్పు మ్రోతకు ఒక్కటై ఉప్పొంగిన దినముననే, ఆ డప్పును భుజమున మోసినవాడు ఊరి బావి దరికి రాగూడనివాడై యుండెను. ఈ వైపరీత్యమును ప్రక్కకు నెట్టి డప్పును పొగడిన యెడల అది సగము చరిత్రయే యగును.

ముందు వాద్యమును గూర్చి చెప్పుదము. డప్పునకు తప్పెట, పలక, కనకతప్పెట అను పేర్లును గలవు. కొయ్యతో గుండ్రని చట్రము చేసి, దాని కొక ప్రక్కను మాత్రము తోలు బిగింతురు. రెండవ ప్రక్క బయలుగా నుండును. చట్రమునకు కట్టిన త్రాటిని భుజమునకు తగిలించుకొని వాద్యమును మేనికి ఆనించి పట్టుదురు. కుడిచేత పొట్టిదియు లావైనదియు నగు పుల్ల యుండును. దానిని సిర్ర యందురు. ఎడమచేతిది సన్ననిది, పొడవైనది. దాని పేరు సిటికెన పుల్ల. సిర్ర గంభీరమైన ధ్వనిని పుట్టించుచుండగా సిటికెన పుల్ల దాని సందులలో చురుకైన పలుకులను చేర్చును. చూచుటకు ఇంతకంటె సులువైన వాద్యము లేదు. చేతికి తీసికొనినవారికి గాని అందలి కష్టము తెలియదు.

వాయించుటకు ముందు గడ్డియు చితుకులును పోగుచేసి, మంట వేసి, డప్పులను ఆ సెగకు చూపి కాచుదురు. గాలిలోని తేమను పీల్చి తోలు సడలిపోవును. సెగ తగిలినప్పుడు తేమ విడిచి బిగియును, ధ్వని పైకి లేచును. వానకాలమున ఈ పని మాటిమాటికి చేయవలసివచ్చును. ఒకని డప్పు కాగి మరియొకని డప్పు కాగకుండిన మ్రోత కలియదు. అందుచే అందరును మంట చుట్టు నిలిచి, తట్టి చూచి, విని, అన్నియు ఒక్కతీరునకు వచ్చిన పిమ్మటనే కదలుదురు. ఆట మొదలు కాకమునుపే ఆరంభమగు ఈ పరస్పరశ్రవణము మాకు మిక్కిలి గణనీయముగా తోచుచున్నది. సంగీతసభలలో తంబుర శ్రుతి చేయుటను మనము భక్తితో చూతుము. వీథిచివర మంటవద్ద జరుగు శ్రుతిని శ్రుతియని యెంచనే యెంచము.

తరువాత ఒకడు ముందు నిలిచి దరువెత్తును. తక్కినవారు దానిని అందుకొందురు. దరువు మార్చదలచినపుడు అతడు నోటితో చెప్పడు. ఒక దెబ్బను ప్రస్ఫుటముగా వేయును, లేదా అడుగు మార్చును. అంతమాత్రముననే వరుసయంతయు క్రొత్త దరువులోనికి దిగును. చేతులు వాయించుచుండగా కాళ్లు అడుగులు వేయుచుండును. కన్ను ముందరివానిపైని, చెవి ప్రక్కవానిపైని నిలిచియుండును. తనది మాత్రము వినుకొనువాడు ఆ వరుసలో నిలువజాలడు. చావునకొక దరువు, పెండ్లికొకటి, జాతరకొకటి, చాటింపునకొకటి. పొలములో కలుపు తీయుచున్నవారు సైతము ఊరిలో ఏమి జరుగుచున్నదో మ్రోతను బట్టియే గ్రహించెడివారు.

ఇట్టి కూడిక మనుష్యుల మనస్సులపై ఏమి పని చేయునో నేటి శాస్త్రజ్ఞులు పరీక్షించి చూచిరి. 2009లో కిర్ష్‌నర్, టొమసెల్లో అను పరిశోధకులు రెండున్నర మొదలు నాలుగున్నర యేండ్లవరకు గల పిల్లలచేత డోలు వాయింపించిరి. యంత్రము వాయించు తాళముతో కలసినదానికంటె, ఎదుట మనుష్యుడు కూర్చుండి వాయించునపుడు ఆ పిల్లలు చక్కగా కలసిరట. 2012లో రాబిన్ డన్‌బార్ మొదలగువారు ప్రకటించిన పరిశోధనములో, పాడినవారును, ఆడినవారును, డోలు వాయించినవారును ఆ పిమ్మట నొప్పిని మునుపటికంటె ఎక్కువగా ఓర్చుకొనగలిగిరనియు, ఊరక సంగీతమును విన్నవారిలో ఆ మార్పు కానరాలేదనియు తేలినది. ఈ రెండవ విషయమును పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. కూడి వాయించుటవలని బలము వాయించువానిలోనే మొదట పుట్టును. అట్లయినచో శతాబ్దములుగా డప్పు వాయించినవారు మన గ్రామములలో అందరికంటె బలవంతులు కావలసియుండెను గదా! కాకపోవుటకు కారణమును తోలులోను కొయ్యలోను వెదకినచో దొరకదు.

ప్రాచీనకాలమున ఈ వాద్యములకు కొరత లేదు. పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రమున శ్రీశైలయాత్రకు పోవు జనసమూహముల ఆటలును, పాటలును, వాద్యములును విరివిగా వర్ణింపబడినవి. కాకతి గణపతిదేవుని గజసేనాధిపతియగు జాయప సేనాని 13వ శతాబ్దమున రచించిన నృత్తరత్నావళిలో శాస్త్రీయమగు మార్గనృత్తముతోపాటు జనులలో ప్రచారముననున్న దేశినృత్తములకును చోటు దొరకినది. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప దేవాలయమున నర్తకుల సరసనే మద్దెల వాయించువారు రాతిలో నిలిచియున్నారు. ఓరుగంటి వీథులలో వీరగాథలను వాద్యములతో పాడినవారి ముచ్చట క్రీడాభిరామమున గలదు. రాజాస్థానమునను, గుడియందును, వీథియందును మ్రోత నిండియుండెనని చెప్పుటకు ఇవి చాలును. కాని ఆ వాద్యములకు తోలు సిద్ధపరచినవారి మాట ఈ గ్రంథములలో వెదకి వెదకి పట్టుకొనవలసినదే.

ఆ మాట కొరకు గ్రామములోనికి పోవలెను. పూర్వపు గ్రామవ్యవస్థలో మాదిగలు రైతులకు చెప్పులు కుట్టియిచ్చిరి. నీరు తోడు తోలుబొక్కెనలను చేసి, బాగుచేసి యిచ్చిరి. చచ్చిన పశువులను ఈడ్చివేసిరి. చావునకు, పెండ్లికి, జాతరకు డప్పు కొట్టిరి. దీనికి ప్రతిఫలముగా కళ్లమువద్ద మేర యను పేర కొంత ధాన్యము ముట్టెడిది. మేర అనగా కూలి యని కొందరు సమర్థింతురు. కూలియైనచో బేరము కుదరనినాడు మానుకొను స్వేచ్ఛ యుండవలెను. డప్పు కొట్టనని చెప్పినవానికి ఆ స్వేచ్ఛ లేదు. పిలిచినపుడు రాకపోయిన వానికి దెబ్బలు తప్పెడివి కావు, మేర ఆగిపోయెడిది, వాడపై ఊరి కోపము విరుచుకొనిపడెడిది. కావున దానిని వెట్టి యని పిలుచుటయే న్యాయము.

ప్రభుత్వమును ఈ డప్పును వాడుకొన్నది. శిస్తు కట్టవలసిన గడువు, వేలము పాట, అధికారి రాక, అన్నియు దండోరా మూలముననే ఊరికి తెలియవలసియుండెను. 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడులో 21వ ఆర్డరు 54వ రూలును చూచినవారికి ఒక విచిత్రము కనబడును. స్థిరాస్తిని జప్తుచేయు ఉత్తర్వును ఆ ఆస్తి యున్నచోట గాని దాని సమీపమున గాని డప్పు కొట్టించియో, ఆచారములోనున్న మరియొక రీతినో చాటింపవలెనని అందు గలదు. ఆ నియమము నేటికిని పుస్తకమున నున్నది. న్యాయస్థానపు ఆజ్ఞ చెల్లుబడి యగుటకు డప్పు దెబ్బ కావలెను. ఆ దెబ్బ కొట్టినవానికి మాత్రము ఆ ఊరి రచ్చబండపై కూర్చుండుటకు వీలులేదు. సర్కారువారి మాటకు నోరైనవానికి తన మాట చెప్పుకొనుటకు నోరు లేకపోయెను.

తోలును ముట్టుటచేత వాద్యము నీచమైనదని పూర్వాచారపరులు చెప్పుచుండిరి. ఈ వాదము నిలుచునదేమో చూతము. మృదంగమునకు ఆవు, మేక, గేదె తోళ్లు కావలెను. ఆ మృదంగము దేవాలయములలోను సభలలోను మ్రోగినది. అగ్రవర్ణములవారు దానిని ఒడిలో నుంచుకొని విద్వాంసులైరి. దానిని చేసి యిచ్చినవారిలో పెక్కురు దళితక్రైస్తవులని టి. ఎం. కృష్ణగారు 2020లో ప్రకటించిన ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అను గ్రంథమున విపులముగా తెలిపిరి. చేసినవాని పేరు మరుగున పడి, వాయించినవాని పేరు మాత్రము సభలకెక్కినది. ఇంక ఒగ్గుడోలు సంగతి. తెలంగాణమున కురుమలు, గొల్లలు కొమురవెల్లి మల్లన్నకును, బీరప్పకును డోళ్లు వాయించుచు గుంపులుగా ఆడుదురు. ఒకరి భుజములపై నొకరు నిలిచి వాయించు ఆ గుంపులను బోనాల ఉత్సవములలో చూడవచ్చును. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల యాదవులు రొమ్మునకు తప్పెటలను, కాళ్లకు గజ్జెలను కట్టుకొని తప్పెటగుళ్లు ఆడుదురు. ఆదిలాబాదు గోండులకు తుడుము గలదు. ఆదివాసుల హక్కులకై పోరాడు సంఘమొకటి తుడుందెబ్బ యను పేరుననే ప్రసిద్ధికెక్కినది. ఈ వాద్యములన్నియు తోలువే. వీనిని వాయించినవారు తమ దేవునికి, తమ కులమునకు, తమ గూడెమునకు వాయించుకొనిరి. పరుల పిలుపునకు విధిగా పోయి వాయింపవలసిన డప్పొక్కటియే అవమానచిహ్నమైనది. దీనిని బట్టి తోలునకు అంటు లేదనియు, వెట్టికే అంటు గలదనియు మేము తలచుచున్నాము.

ఇచ్చట కొంచెము దూరదేశముల వంక చూచుట అవసరము. ఏలయన కూడి వాయించు మ్రోత సర్వదా మేలు చేయునను భ్రమ ఒకటి నేడు వ్యాపించుచున్నది. విలియం మెక్‌నీల్ అను అమెరికా చరిత్రకారుడు తాను సైనికుడుగా నున్నపుడు కలసి అడుగులు వేయుటలో కలిగిన చిత్రమైన ఆనందమును మరువలేక, 1995లో దానిని గూర్చి ఒక గ్రంథమునే ప్రకటించెను. కవాతు, నృత్యము, తాళము మనుష్యులను ఒక్క శరీరముగా చేయునని ఆయన వాదము. ఐరోపా సేనలు డోలు దెబ్బకు అడుగులు వేసి, ఆ ఐక్యతతోనే దేశములను ఆక్రమించినవి. కాబట్టి తాళము ఐక్యతను కలిగించునే గాని ఆ ఐక్యత దేనికొరకో నిర్ణయింపదు. పాలకులును దీని నెరుగుదురు. 1739లో అమెరికాలోని సౌత్ కరోలినాయందు స్టోనో నదీతీరమున నీగ్రో బానిసలు తిరుగబడి, డోళ్లు మ్రోగించుచు సాగిరి. మరుసటి యేట, 1740లో, చేసిన శాసనములో బానిసలు డోళ్లను, కొమ్ములను వాడగూడదని నిషేధించిరి. మన భూస్వాములు డప్పును నిషేధింపలేదు. దానిని తమ గుమ్మమునకు కట్టివేసికొనిరి, అంతకంటె నిషేధమేల?

ఈ కట్టు ఎట్లు తెగినదన్నదే ఈ కథలోని ముఖ్యభాగము. తొలుత నిరాకరణము వచ్చినది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతను కూడిన సభ, పంచములను పేరును ద్రోసిపుచ్చి, తాము ఆది ఆంధ్రులమని చాటినది. నిజాము రాష్ట్రమున ఆంధ్రమహాసభ తొలి సమావేశము 1930లో జోగిపేటలో జరిగినది. మేము ముందు చెప్పిన ప్రతాపరెడ్డిగారే దానికి అధ్యక్షులు. వెట్టిచాకిరిని రూపుమాపుట ఆ ఉద్యమము ఉత్తరోత్తర చేపట్టిన పనులలో ముఖ్యమైనది. బొంబాయి రాష్ట్రమున మహరులకును మన మాదిగలవలెనే గ్రామసేవ వంశపారంపర్యమై యుండుటచేత, అంబేద్కరుగారు 1927లో మహాడ్ సభయందు హీనమైన వృత్తులను విడువుడని తమవారికి బోధించిరి. 1928లో ఆ వతను పద్ధతిని సవరించుటకు శాసనమండలిలో బిల్లును తెచ్చిరి. తుదకు 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 23వ అధికరణము వెట్టిని నిషేధించినది. 1989వ సంవత్సరపు అత్యాచారముల నిరోధక శాసనము దళితులచేత వెట్టి చేయించుటను నేరముగా నెంచినది.

నిరాకరణములో ఒక బాధ యిమిడియున్నది. తమిళదేశమున పఱై వాయించుట అవమానమని అనేకులు దానిని మానివేసిరి. మన గ్రామములలోను చదువుకొన్న యువకులు తండ్రుల డప్పును అటుకపై పడవైచిరి. వారిని తప్పుపట్టుటకు మేము సాహసింపము. కళ నశించుచున్నదని నగరమున కూర్చుండి విలపించువారు, తమ బిడ్డను ఒక్కనినైనను ఆ కళ నేర్చుకొనుటకు పంపినది లేదు. ఒక్క కులముపై మాత్రము మోపిన కళారక్షణభారము వెట్టికి మారుపేరే.

అయినను డప్పు అటుకపైనే యుండిపోలేదు. 1972లో ఏర్పడిన జననాట్యమండలి ప్రదర్శనలలో గద్దరు పాటకు డప్పు దెబ్బ తోడైనది. భూస్వామి గుమ్మమున మ్రోగినదే భూస్వామికి వ్యతిరేకముగా మ్రోగినది. 1985 జూలై 17వ తేదీన కారంచేడులో మాదిగలపై దాడి జరిగి ఆరుగురు చంపబడిరి. తాగునీటి చెరువువద్ద పుట్టిన తగవే దానికి మొదలు. ఆ యేడే దళితమహాసభ ఏర్పడినది. 1991లో చుండూరు ఘోరము జరిగినది. ఈ నెత్తుటి చరిత్రకు పిమ్మట, 1994 జూలై నెలలో ప్రకాశము జిల్లా ఈదుముడి గ్రామమున మాదిగ రిజర్వేషను పోరాటసమితి పుట్టినది. ఆ ఉద్యమమునకు జనులలో నిలిచిన పేరు దండోరా. అందు చేరినవారు తిట్టుగా వాడబడిన కులనామమును తమ పేరుల చివర ధరించిరి. వెట్టిగా మోసిన డప్పును సభలకు తెచ్చిరి. షెడ్యూల్డు కులముల వర్గీకరణమునకై వారు కోరిన కోరిక 2024 ఆగస్టు 1వ తేదీన సుప్రీముకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పున అంగీకారమును పొందినది. తెలంగాణమున 2025 ఏప్రిలు 14 నుండి అది శాసనమై అమలునకు వచ్చినది. ఈ వర్గీకరణముపై దళితులలోనే భిన్నాభిప్రాయములు గలవు. ఆ వాదములోనికి మేమిచ్చట దిగము. మాకు కావలసినది దండోరా యను ఆ పేరు. ఇతరుల ఆజ్ఞను చాటుటకు ఏర్పడిన మాట తమ ఆజ్ఞను తామే చాటుకొనుటకు పనికివచ్చినది. ముప్పది యేండ్లు ఒక ఉద్యమము నిలుచుటకు డప్పు కారణమని మేమనము. కాని పది ఊళ్లవారు ఒకచోట చేరి, ఒకరినొకరు ఎరుగకయే, ఒక్క దరువులో కలియగలిగిన చోట మాటలు కలియుటకు ఆలస్యము కాదు. తాతలనాటి దరువు వారందరికిని ముందే తెలిసియుండెను.

2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం సభలలో డప్పు మరియొక మెట్టెక్కినది. తెలంగాణ రాష్ట్రము కావలెనని కోరిన అన్ని కులములవారును ఆ మ్రోత చుట్టు చేరిరి. 2014 జూన్ 2న రాష్ట్రము ఏర్పడినది. డప్పు ఎల్లవారిదైనదని అప్పుడు పలువురు సంతోషించిరి. మేమును సంతోషింతుము; అయితే వేదికమీద ఎల్లవారిదైనది గ్రామమున చావింటివద్ద ఎవరిదిగా నున్నదో కూడ చూడవలెనందుము.

నేడు నగరములలోని వ్యాపారసంస్థలు తమ ఉద్యోగులలో పొత్తు కుదుర్చుటకు జెంబే యను ఆఫ్రికా డోళ్లను తెప్పించి, అందరిని వలయముగా కూర్చుండబెట్టి వాయింపించుచున్నవి. మంచి పనియే. పై యధికారియు క్రింది గుమాస్తాయు ఒక గంటసేపు ఒకే తాళమునకు లోబడుట చెడ్డది కాదు. కాని డప్పు గురువులను పిలిచి, తగిన గౌరవవేతనమిచ్చి, వారియొద్ద శిష్యులుగా కూర్చుండి నేర్చుకొనిన యెడల ఆ ఉద్యోగులకు తాళముతోపాటు కొంత చరిత్రయు తెలిసెడిది. మంట వేసి డప్పు కాచుటతో ఆ పాఠము మొదలుకావలెను.

ప్రభుత్వములు కొంత కదలినవి. ఆంధ్రప్రదేశమున డప్పు కళాకారులకిచ్చు నెల పింఛను 2024లో 3,000 రూపాయలనుండి 4,000 రూపాయలకు పెరిగినది. వృద్ధులకు అది ఆధారమే. పింఛను వృద్ధునికి ముట్టును. అతని విద్య ఎవరికి ముట్టును? పాఠశాలలలో సంగీతమను పేర వీణయు, గాత్రమును నేర్పుచోట డప్పునకును ఒక గంట కేటాయించి, అన్ని కులముల బాలబాలికలచేతను పట్టించిననాడు ఆ ప్రశ్నకు జవాబు దొరకును. డప్పు పట్టుట ఎవరికి విధి కాకుండ, ఎవరికి నిషేధము కాకుండ నుండవలెను.

బాలికలని వ్రాసితిమి, అది ఊరక వ్రాసిన మాట కాదు. మన డప్పు వరుసలలో స్త్రీలు తరచుగా కానరారు. పొరుగున తమిళదేశమున 2025లో పఱై విద్వాంసుడగు వేలు ఆసాన్‌గారికి పద్మశ్రీ బిరుదము లభించినది. అంతకు చాలకాలము ముందే అక్కడి దిండిగల్లులో శక్తి యను కళాబృందమున దళితస్త్రీలు పఱైని భుజమునకు తగిలించుకొని వీథులలో ఆడిరి. మగవారికే చెల్లునని, చావునకే తగునని ఊరు తలచిన వాద్యమును వారు చేతికి తీసికొనిరి. మన జిల్లాలలో అట్టి బృందములను కూర్చుటకు ఏ మహిళాసంఘము ముందుకు వచ్చునో చూడవలసియున్నది.